తీరిక పట్టీ

ఫణీంద్ర జిమ్ముకు వెళ్ళాలనుకోని రోజు లేదు. వెళ్ళిన రోజులు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

విశాఖపట్నంలో ఒక నౌకా రవాణా సంస్థలో అతను మేనేజరు. ఓడలు గడియారం చూసుకుని రావు. వచ్చి రేవు బయట లంగరు వేసుకుని నిలబడతాయి. కస్టమ్స్ కాగితాల్లో ఎక్కడో ఒక అక్షరం తేడా వస్తుంది, క్రేను ఖాళీగా ఉండదు, కెప్టెను కేకలు వేస్తాడు. ఆ కేకలన్నీ చివరికి ఫణీంద్ర ఫోనులోకే వచ్చి పడేవి. పొద్దున్నే జిమ్ముకని బూట్లు కట్టుకుంటూ ఉండగానే ఫోను మోగేది. ఒకసారి భోజనాల వేళ కాస్త సందు దొరికిందని పరుగున వెళ్ళాడు గానీ, ట్రెడ్‌మిల్ ఎక్కి నిలబడి ఫోనులో మాట్లాడి మాట్లాడి, దాన్ని ఆన్ చేయకుండానే దిగి వచ్చేశాడు. సాయంత్రం ఆఫీసు నుంచి బయటపడేసరికి పిండి ఆరేసిన బట్టలా ఉండేవాడు. సిరిపురంలో ఆ జిమ్ము నడిపే అప్పలనాయుడు ఎదురుపడినప్పుడల్లా నవ్వేవాడు. "సార్, మీ పేరు మీద ఒక డంబెల్ పక్కనెట్టేను. తుప్పు పడతంది" అనేవాడు.

ఫణీంద్ర కూడా నవ్వేవాడు. కానీ అతని తండ్రి యాభై నిండకుండానే, బ్యాంకులో తన కుర్చీలో కూర్చుని కూర్చునే పోయాడు. ఆ సంగతి అతను ఎవరి దగ్గరా ఎత్తేవాడు కాదు. షుగరు వచ్చేసిందనీ, కాలేయానికి కొవ్వు పట్టిందనీ, ఇకనైనా ఒళ్ళు వంచకపోతే గుండె మాట చెప్పలేననీ డాక్టరు అన్న రోజున, ఇంటికి వచ్చి వడ్డించిన కంచం ముందు ఊరికే కూర్చుండిపోయాడు. అతని భార్య కిరణ్మయి అన్నం చల్లారిపోతోందని రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పలేదు. తనకు తెలిసిన విద్య ఒకటి ఉంది కదా, అది ఇంట్లో ఎందుకు పనికిరాకూడదు అన్న ఆలోచన ఆమెకు మొదటిసారి ఆ కంచం దగ్గరే వచ్చింది.

ఆమె నాడీశాస్త్రం చదివింది. రుషికొండ దారిలో, కొండ వాలు మీద ఉన్న ఒక పరిశోధనశాలలో పనిచేసేది. వెన్నుపాము దెబ్బతిని మంచాన పడ్డవాళ్ళ కాళ్ళు చిక్కి పుల్లలైపోకుండా చూడటం ఆమె బృందం పని. దానికోసం నడుముకు కట్టే ఒక పట్టీ తయారు చేశారు. అడుగు వేయమని చెప్పేది మెదడే అయినా, అడుగు తర్వాత అడుగు వేయించే యంత్రాంగం వెన్నుపాము కింది భాగంలోనే ఉంటుంది. ఆ పట్టీ చర్మం పైనుంచే దాన్ని తట్టి లేపేది. తొడ ముందు కండా వెనక కండా ఒకేసారి బిగుసుకునేవి. రెండు జట్లూ సమానంగా లాగుతున్న తాడులా కాలు ఉన్నచోటే ఉండేది, కండ మాత్రం కొండ ఎక్కినంత పని చేసేది. లారీ బోల్తా పడి నడుం విరిగిన సింహాద్రి అనే డ్రైవరు ఆ పట్టీ కట్టుకుని పడుకునే పడుకునే పహిల్వాను తొడలు తెచ్చుకున్నాడు. చేత్తో తట్టి చూసుకుని, "రాయిలాగుందమ్మా. ఇది నాదేనంటారా?" అని అందరినీ నవ్వించేవాడు.

ఒక ఆదివారం కిరణ్మయి అటువంటి పట్టీ ఒకటి ఇంటికి తెచ్చింది. ఫణీంద్ర చొక్కా ఎత్తి నడుముకు బిగించి, కుర్చీలో కూర్చోబెట్టి, ముందు దోసెల పళ్ళెం పెట్టింది. వాళ్ళ కూతురు మేదిని అప్పుడు ఒకటో తరగతి. నాన్న కాళ్ళు కదులుతాయేమోనని బల్ల కిందకు దూరి కూర్చుంది. కాళ్ళు కదల్లేదు. కొద్దిసేపట్లో ఫణీంద్ర నుదుటి మీద చెమట పట్టింది, మెడ ఎర్రబడింది. సరిగ్గా అప్పుడే ఏదో ఓడ నుంచి ఫోను వచ్చింది. రెండు మాటలు మాట్లాడి అతను ఫోను బోర్లించి, బల్ల అంచును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇది కట్టుకుని నేను పని చెయ్యలేను కిరణ్. తొడలు మండిపోతున్నాయి. అవతలివాడు చెప్పేది ఒక్క ముక్క బుర్రకెక్కట్లేదు" అన్నాడు.

ఆమె పట్టీ విప్పింది. ఆ మంట సంగతి రోగులెవరూ ఎప్పుడూ చెప్పలేదే అనుకుంది. ఎందుకు చెబుతారు? వాళ్ళ కాళ్ళ కబురు వాళ్ళ మెదడు దాకా పోనే పోదు. ఫణీంద్రకు కూడా ఆ కబురు కాసేపు అందకుండా చేయగలిగితే చాలు. ఆ తర్వాత రెండు వారాలు ఆమె పరిశోధనశాలలో అదే ధ్యాసలో ఉంది. పట్టీకి పై అంచున మరో సన్నని పొర కుట్టించింది. కింది పొర కండలను పని చేయిస్తూ ఉంటే, పై పొర కాళ్ళ నుంచి పైకి పోయే కబురును దారిలోనే ఆపేసేది. ఆమె గురువూ, ఆ పరిశోధనశాల పెద్దా అయిన జోసఫ్ గారు దాన్ని తన నడుముకే కట్టుకుని, కూర్చుని ఒక వ్యాసం చదివి చూశారు. కళ్ళజోడు తీసి, తెలియలేదమ్మా అన్నారు ఆశ్చర్యంగా. పన్ను పీకేటప్పుడు మత్తిచ్చినట్టే కదా, ఇందులో తప్పేముంది అని కూడా అన్నారు. బృందంలో మరికొందరు కట్టుకుని చూశారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఫణీంద్రకు అది వరమే అయింది. ఆఫీసులో కూర్చుని ఓడలతో తగాదా పడుతుంటే, అతని తొడలూ పిక్కలూ తమ మానాన తాము సింహాచలం మెట్లు ఎక్కుతూ ఉండేవి. మధ్యమధ్య చెమట తుడుచుకోవడం, మామూలుకన్నా ఎక్కువ నీళ్ళు తాగడం తప్ప అతను చేయవలసింది ఏమీ లేదు. కొన్ని నెలలకు షుగరు దారికి వచ్చింది. పొట్ట కరిగింది. డాక్టరు నమ్మలేక పరీక్షలు మళ్ళీ చేయించాడు. ఒకరోజు మేదినిని భుజాల మీద ఎక్కించుకుని లిఫ్టు వాడకుండా మేడ మెట్లన్నీ ఎక్కి వచ్చి, గుమ్మంలో నిలబడి, ఆయాసం లేకుండా నవ్వాడు. ఆ నవ్వు చూసి కిరణ్మయి వంటగదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. తాను చదివిన చదువంతటికీ ఆ ఒక్క నవ్వూ చాలనిపించింది.

ఆ పట్టీ సంగతి బయటకు పొక్కడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మహీపాల్ అనే వ్యాపారి దానికి 'తీరిక' అని పేరు పెట్టి ఒక కంపెనీ ప్రారంభించాడు. పని మానుకోకుండా ఒళ్ళు వంచండి అని ఊరంతా బోర్డులు పెట్టించాడు. ఫణీంద్ర సంస్థ తన ఉద్యోగులందరికీ అవే కొనిపెట్టింది. పోటీ కంపెనీలు కూడా కొనిపెట్టాయి. బ్యాంకుల్లో, కాల్ సెంటర్లలో, సచివాలయంలో, చివరికి కోర్టుల్లో కూడా నడుములకు పట్టీలు వచ్చాయి. అప్పలనాయుడు తన జిమ్ము మూసేసి అక్కడే టిఫిన్ సెంటరు పెట్టుకున్నాడు. అయినా అతనికి ఎవరి మీదా కోపం లేదు. జనం బాగుపడుతున్నారు కదా అనేవాడట.

వ్యాయామానికి తీరిక లేదని కదా ఇదంతా మొదలైంది. ఇప్పుడు ఆ వేళ మిగిలిందని అందరూ అనుకున్నారు. మిగిలిన వేళ ఎటు పోయిందో మాత్రం ఎవరికీ అర్థం కాలేదు. ఫణీంద్ర ఆఫీసులో ముందు భోజన విరామం కుదించారు. భోంచేసి అటూ ఇటూ నడవాల్సిన అవసరం ఇప్పుడెవరికీ లేదు కదా అన్నారు. తర్వాత ఫైలు పట్టుకుని పై అంతస్తుకు వెళ్ళి రావడం దండగన్నారు. ఆ తర్వాత సాయంత్రం ఇంటికి వెళ్ళే వేళను ఇంకా ఆలస్యం చేశారు. ఒళ్ళు అలసిపోవడం లేదు గనుక మనిషి కూడా అలసిపోలేదనే లెక్క. ఫణీంద్ర పొద్దున్న కట్టిన పట్టీని ఇంటికి వచ్చాకే విప్పేవాడు. పని ఎక్కువున్న రోజుల్లో విప్పడం కూడా మరిచిపోయేవాడు.

ఒక ఆదివారం అతను రొయ్యలు తెస్తానని మార్కెట్టుకు వెళ్ళాడు. సంచీతో తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడి కిరణ్మయిని పిలిచాడు. ఆమె వచ్చి చూసేసరికి అతని ఎడమ కాలికి చెప్పు లేదు. అరికాలు మట్టిగొట్టుకుపోయి, మడమ దగ్గర పగిలిన గాజు ముక్క ఒకటి దిగబడి ఉంది. మెట్ల పొడుగునా నెత్తుటి అడుగులు.

"చెప్పు ఏదీ?" అంది ఆమె.

అతను కిందికి చూసుకున్నాడు. తన కాలిని చూసి, ఎవరిదో కాలిని చూసినట్టు కాసేపు అలాగే నిలబడ్డాడు. చెప్పు ఎక్కడ జారిపోయిందో అతనికి తెలియదు. గాజు ఎప్పుడు గుచ్చుకుందో కూడా తెలియదు. ఆ రోజు పట్టీ కట్టుకోలేదు.

గాజు తీసి కట్టు కట్టాక, ఆమె అతన్ని మంచం మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమంది. కాలి బొటనవేలు పట్టుకుని పైకో కిందకో వంచుతాననీ, ఎటు వంచిందో చెప్పమనీ అంది. పక్షవాతం వచ్చినవాళ్ళకు చేసే పరీక్షే అది. గోరువెచ్చగా ఉన్న ఆ వేలిని పట్టుకుని పైకి వంచింది. అతను పలకలేదు. కిందకు వంచింది. అప్పటికీ పలకలేదు.

"ఊఁ, పట్టుకో మరి" అన్నాడు ఫణీంద్ర కళ్ళు మూసుకునే.

ఆమె ఆ వేలు వదిలితే ఏమవుతుందోనని భయం వేసినట్టు ఇంకా గట్టిగా పట్టుకుంది.

మర్నాడు పరిశోధనశాలలో అతని మెదడు స్కానింగ్ తీశారు. గొట్టంలాంటి యంత్రంలో పడుకున్న ఫణీంద్రతో, కాళ్ళు కదుపుతున్నట్టు మనసులో అనుకోమని మైకులో చెప్పారు. ఆ మాట అనగానే తెర మీద వెలగవలసిన చోటు ఒకటి ఉంటుంది. అది వెలగలేదు. చేతులు కదపమన్నప్పుడు మాత్రం, చేతుల చోటుతో పాటు ఆ కాళ్ళ చోటు కూడా వెలిగింది. కిరణ్మయి కొన్ని వేల మెదళ్ళు చూసింది. తెర మీద ఉన్నదాన్ని ఆమెకు ఎవరూ వివరించనక్కరలేదు. మెదడులో ప్రతి అవయవానికీ ఒక జాగా ఉంటుంది. ఆ అవయవం నుంచి కబుర్లు వస్తున్నంత కాలమే అది దానిది. కబురు ఆగిపోతే, ఖాళీగా వదిలేసిన స్థలంలో పక్కవాడు పాక వేసుకున్నట్టు, పక్క అవయవాలు వచ్చి ఆక్రమిస్తాయి. ఫణీంద్ర కాళ్ళు రోజంతా శ్రమపడ్డాయి, రోజంతా మూగగా ఉన్నాయి. కండలు పెరిగాయి. వాటి యజమాని వాటిని మరిచిపోయాడు.

జోసఫ్ గారు తెర వంకే చూస్తూ, మంచాన పడ్డవాళ్ళ మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశామనీ, వాళ్ళకు పోవడానికి ఏమీ మిగల్లేదు గనుక ఏం పోతుందో మనకు కనబడలేదనీ అన్నారు. ఆరోగ్యవంతుల మీద చేసిన పరీక్షలు కొద్దిపాటివి. ఏళ్ళు పట్టే సంగతిని వారాల్లో చూసి, ఏమీ కాలేదని సంతకాలు పెట్టేశారు. ఆయన పట్టీ కట్టుకున్నది కొద్దిసార్లే, అయినా లేచి నిలబడేటప్పుడు కుర్చీ పట్టుకుని, పాదాల వంక చూసుకుంటూ లేచారు.

ఇంటికి వచ్చేటప్పుడు కారు ఆమే నడిపింది. ఎడమ పక్కన సముద్రం ఎండకు తళతళలాడుతోంది. ఫణీంద్ర కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మామూలు గొంతుతోనే అడిగాడు.

"నువ్వెందుకు కట్టుకోలేదు కిరణ్?"

ఆమెకు అబద్ధం చెప్పాలనిపించింది గానీ నోరు రాలేదు.

"కట్టుకున్నవాళ్ళకీ కట్టుకోనివాళ్ళకీ తేడా చూడాలి కదా. కట్టుకోనివాళ్ళు కొందరు ఉండాలి. నా పేరు అందులో రాసుకున్నాను."

"ఇంట్లో కూడానా?"

"ఇంట్లో కూడా."

ఆమె ఏడుస్తుందేమోనని అతను స్టీరింగు మీద చెయ్యి వేశాడు. "పోన్లే. మేదినికి ఒకరైనా మిగిలారు" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. లేకపోవడమే ఆమె భరించలేకపోయింది.

ఆ వారంలోనే ఆమె మహీపాల్ దగ్గరకు వెళ్ళింది. పెద్ద గాజు గది, కింద బీచ్ రోడ్డు కనబడుతోంది. స్కానింగులు బల్ల మీద పరిచి, అమ్మకాలు ఆపేయాలనీ, అమ్మినవన్నీ వెనక్కి రప్పించాలనీ చెప్పింది. అతను అడ్డు రాకుండా చివరిదాకా విన్నాడు. అతను ఆశ్చర్యపోకపోవడం ఆమె అప్పుడు గమనించింది.

"తెలుసు మేడమ్. ఫిర్యాదులు వస్తున్నాయి" అన్నాడు. "మెట్ల మీద పడిపోయామని, స్కూటర్ మీద కాలు ఆనించలేకపోయామని. ఆపేద్దాం, సరే. ఆపేస్తే వాళ్ళంతా రేపు పొద్దున్న ఎలా నిలబడతారు? వాళ్ళ కాళ్ళను నిలబెడుతున్నది ఇప్పుడు ఆ పట్టీ బిగువే."

అతను సొరుగు తెరిచి కొత్త పట్టీ ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు. అది కండలను బిగించి ఊరుకునేది కాదు, నడిపించేది. ఫోనులో ఎక్కడికి వెళ్ళాలో చెబితే కాళ్ళు తీసుకుపోతాయి, ఆపితే ఆగుతాయి. మెదడుతో పని లేదు. అది కూడా కిరణ్మయి బృందం చేసిందే. సింహాద్రిలాంటి వాళ్ళు ఎప్పటికైనా లేచి నడవాలని, ఎన్నో ఏళ్ళుగా కలలు కని చేసింది. దాన్ని అతను అందంగా, సన్నగా, నల్లటి తోలుతో చేయించాడు.

ఆమె ఉద్యోగం మానేసింది. పత్రికల వాళ్ళను కలిసింది, ఆరోగ్య శాఖకు వెళ్ళింది. కొన్నాళ్ళు టీవీల్లో ఆమె ముఖం కనబడింది. ఒక కమిటీ వేశారు. పట్టీ విప్పేయండని ఆమె చెప్పిన మాట విని విప్పినవాళ్ళు ఇళ్ళల్లో, బాత్‌రూముల్లో, బస్టాపుల్లో పడిపోయారు. తుంటి విరిగిన ఒక టీచరమ్మ ఫోను చేసి, విప్పమని చెప్పారు సరే, నన్ను ఎవరు మోస్తారో కూడా చెప్పండి అని అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఎక్కువ నష్టపోయినవాళ్ళే కొత్త పట్టీ కోసం ముందుగా వరుసలో నిలబడ్డారు. నిలబడలేనివాళ్ళు మనుషుల్ని పంపించారు.

కిరణ్మయి ఫణీంద్రకు మాత్రం ఆ పట్టీ వద్దంది. మెదడు మరిచిపోయిందంటే మళ్ళీ నేర్చుకోగలదన్నమాట అని ఆమె నమ్మకం. అప్పటికి గోడ పట్టుకుని కూడా నిలబడలేకపోతున్న అతను సెలవు పెట్టాడు. హాలులో చాప పరిచి పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. మెత్తటి బ్రష్షుతో అరికాళ్ళు రుద్దేది, చన్నీళ్ళల్లో ముంచేది, వేడి గుడ్డ చుట్టేది, ఒక్కో వేలిని పట్టుకుని ఇదిగో ఇది, ఇదిగో ఇది అని చూపించేది. బడి నుంచి వచ్చాక మేదిని కూడా చేరేది. వేళ్ళకు తలా ఒక పేరు పెట్టి పలకరించేది. చిటికెనవేలికి తన స్నేహితురాలి పేరు పెట్టింది. ఫణీంద్ర కళ్ళు చిట్లించి, పళ్ళు బిగబట్టి, తన పాదాల వంక చూస్తూ కూర్చునేవాడు. చీకటి గదిలో స్విచ్చు కోసం గోడ తడుముకుంటున్నట్టు ఉందని ఒకసారి చెప్పాడు. ఎంత తడిమినా గోడే లేదట.

చాలా వారాలకు ఒక మధ్యాహ్నం అతని కుడికాలి బొటనవేలు కదిలింది. వెంట్రుకవాసి. మేదిని కేక పెట్టింది. తనకు కూడా ఏదో తెలిసినట్టు ఉందని ఫణీంద్ర అన్నాడు. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని నవ్వారు. కిరణ్మయి కిందికి వెళ్ళి మాడుగుల హల్వా తెచ్చింది. ఆ వేలు తన చెయ్యి తగిలి కదిలిందేమో అన్న అనుమానం ఆమెకు హల్వా పొట్లం కడుతుండగా వచ్చింది. ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు.

జోసఫ్ గారు చూడటానికి వచ్చారు. అప్పటికి ఆయన చేతికర్ర పట్టుకున్నారు. ఫణీంద్ర కాళ్ళను పరీక్షించి, కాఫీ తాగి, ఆమెను బాల్కనీలోకి పిలిచారు.

"పసిపిల్లలు నడక ఎలా నేర్చుకుంటారమ్మా? వాళ్ళకి వేరే పని లేదు. రోజంతా పడతారు, లేస్తారు, రోజంతా అదే. ఇతనికి కూడా అలాగే రోజంతా కావాలి, ఏళ్ళు కావాలి. అప్పటికైనా వస్తుందని నేను మాటివ్వలేను" అన్నారు. "అన్నేళ్ళు ఎవరిస్తారు?"

ఎవరూ ఇవ్వలేదు. సెలవు అయిపోయిందని ఆఫీసు నుంచి కబురు వచ్చింది. నడవలేకపోతే దిగులు పడనక్కరలేదు, కొత్త పట్టీ మేమే ఇస్తాం, వచ్చి కుర్చీలో కూర్చుంటే చాలన్నారు. కిరణ్మయికి ఉద్యోగం లేదు. టీవీల్లో అంత రభస చేసిన మనిషిని తీసుకోవడానికి ఏ పరిశోధనశాలా ముందుకు రాలేదు. ఇల్లు గడవాలి, పిల్ల చదువుకోవాలి. ఆఫీసు పట్టీ వచ్చిన పొద్దున ఫణీంద్ర దాన్ని తానే నడుముకు బిగించుకున్నాడు. ఆమె సాయం అడగలేదు. కాళ్ళు అతన్ని లేపి, నిలబెట్టి, గుమ్మం దాటించాయి.

సాధన మాత్రం మానకూడదని ఇద్దరూ గట్టిగా అనుకున్నారు. రోజూ పొద్దున్న ఆఫీసుకు వెళ్ళేముందు ఒక గంట. చాప పరిచి, నీళ్ళ బకెట్టు పెట్టి కూర్చోగానే ఫోను మోగేది. మాట్లాడి వచ్చేసరికి వేళ దాటిపోయేది. సాయంత్రాలు పెట్టుకుందామనుకున్నారు. వచ్చేసరికి అతనికి తన కాళ్ళ మీద దృష్టి నిలిపే ఓపిక ఉండేది కాదు. ఆదివారాలు చేద్దామనుకున్నారు. ఆదివారం కూడా ఓడలు వచ్చేవి. కొన్నాళ్ళకు చాప చుట్టి గోడకు ఆనించారు. బొటనవేలు మళ్ళీ కదల్లేదు.

ఆ ఏడు మేదిని పుట్టినరోజుకు తల్లీకూతుళ్ళిద్దరూ ఆటోలో అతని ఆఫీసుకు వెళ్ళారు. అతనికి ముందుగా చెప్పలేదు. బయటకు వచ్చేసరికి ఎదురుగా నిలబడాలని పిల్ల ముచ్చట పడింది. గేటు పక్కన చెట్టు నీడలో నిలబడ్డారు. శనివారం, త్వరగా వదిలే రోజు; ఇంకా ఎండ ఉంది. తలుపులు తెరుచుకుని జనం బయటకు రావడం మొదలైంది.

కిరణ్మయి ఫణీంద్రను ప్రేమించిన రోజుల్లో, కాలేజీ వరండాలో అతను ఎంత దూరాన ఉన్నా గుర్తుపట్టేది. కుడి భుజం కాస్త ముందుకు తోసి, దారిలో ఏదో అడ్డం ఉంటే తప్పుకుంటున్నట్టు నడిచేవాడు. ఇప్పుడు గేటులోంచి వస్తున్నవాళ్ళందరూ ఒకటే నడక నడుస్తున్నారు. పొడుగువాళ్ళూ, పొట్టివాళ్ళూ, ఆడవాళ్ళూ, మగవాళ్ళూ. అందరిదీ మడమ ఆనే తీరు ఒకటే, మోకాలు వంగే తీరు ఒకటే. ఆ నడక ఎవరిదో ఆమెకు తెలుసు. పరిశోధనశాలలో ఒకప్పుడు పనిచేసిన ఒక కుర్ర ఫిజియోథెరపిస్టుది. చక్కగా నడుస్తాడని అతన్ని ఎంచుకుని, ఒంటినిండా సెన్సర్లు అంటించి, గదిలో అటూ ఇటూ నడిపించి, ఆ కొలతలను పట్టీలోకి ఎక్కించింది ఆమే.

"నాన్న ఏరమ్మా?" అని మేదిని అడిగింది.

ఆమె వెతుకుతోంది. ఎవరి ముఖమూ ఆనవాలు పట్టేలోపే వాళ్ళు దాటిపోతున్నారు. చివరికి ఫణీంద్రే వాళ్ళను చూశాడు. రెండు చేతులతో కేకు పెట్టె పట్టుకుని ఉన్నాడు. అతని ముఖం విప్పారింది.

"ఇక్కడున్నారేంటి!" అన్నాడు. అనేసరికే వాళ్ళను దాటి రెండడుగులు ముందుకు వెళ్ళిపోయాడు. కాళ్ళు అతన్ని వాళ్ళ వెనకవైపు ఉన్న కంపెనీ బస్సు దగ్గరకు తీసుకుపోతున్నాయి. రోజూ వెళ్ళే దారి అదే.

"ఆగు ఫణీ" అంది కిరణ్మయి.

"ఫోను జేబులో ఉంది. చేతులు ఖాళీ లేవు" అన్నాడు అతను, మెడ తిప్పగలిగినంత వెనక్కి తిప్పి, వాళ్ళనే చూస్తూ. ముఖం ఇటు ఉంది, అడుగులు అటు పడుతున్నాయి. వెనక వస్తున్నవాళ్ళ వరుస అతన్ని కమ్మేస్తోంది.

మేదిని తల్లి చెయ్యి వదిలించుకుని పరుగెత్తింది. జనంలోంచి దూరి తండ్రి పక్కకు చేరింది. అతని జేబు పిల్లకు అందలేదు. కేకు పెట్టె అంచు ఒక చేత్తో పట్టుకుని, తల వంచి అతని పాదాల వంక చూస్తూ, ఆ అడుగులో తన అడుగు కలపడానికి ప్రయత్నిస్తూ నడవసాగింది.